గురువు వెళ్లిన తర్వాతి వలయం: ఉరవకొండ ప్రాంత భజన బృందాలు – నృత్య విమర్శలో సభ్యుల స్థానం

తెలుగులో జానపద నృత్యాన్ని గురించిన పరిశోధన 'కళారూపం' అనే మాట చుట్టూ పెరిగింది. రూపానికి పేరు, వేషం, వాద్యం, పాట, ప్రదర్శించే సందర్భం ఉంటాయి. వీటిని సేకరించి వర్గీకరించడం తొలితరం పండితులు చేసిన మహోపకారం. 1958లో అచ్చయిన బిరుదురాజు రామరాజు 'తెలుగు జానపద గేయ సాహిత్యము' పాటకు విశ్వవిద్యాలయంలో పీట వేసింది. 1992లో వెలువడిన మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి 'తెలుగువారి జానపద కళారూపాలు' ఆ పీటను ప్రదర్శన కళలన్నింటికీ విస్తరించింది. రాయలసీమ అడుగుల గురించి, గజ్జెల గురించి నేడు ఎవరు రాసినా ఈ గ్రంథాలకు రుణపడే రాస్తారు. అయితే వీటి నుంచి సంక్రమించిన ఒక అలవాటును ఇప్పుడైనా పరీక్షించవలసి ఉంది. రూపాన్ని వర్ణించే వాక్యంలో కర్త ఎప్పుడూ బహువచనంలోనే ఉంటాడు. 'వీరు గజ్జెలు కట్టుకొని వలయాకారంగా నిలుచుంటారు' అన్న తరహా వాక్యంలోని 'వీరు' ఎవరు, ఎలా చేరారు, ఎందుకు మానుకున్నారు, ఒకరు లేనినాడు ఆ వలయం ఏమైంది అన్న ప్రశ్నలకు రూపవర్ణనలో చోటు దొరకదు.

ఈ లోపాన్ని గుర్తించడానికి అనంతపురం జిల్లాలోని ఉరవకొండ ప్రాంతం అనువైన స్థలం. పడగ విప్పిన పామును తలపించే కొండను బట్టి 'ఉరగకొండ' కాలక్రమంలో ఉరవకొండ అయిందని ప్రచారంలో ఉన్న వ్యుత్పత్తి. పట్టణంలో గవిమఠం, సమీపాన పెన్న ఒడ్డున పెన్నహోబిలం నరసింహక్షేత్రం ఉన్నాయి. ఒకటి వీరశైవానికీ మరొకటి వైష్ణవానికీ చెందిన కేంద్రాలు. పడమటికి కొద్ది దూరం పోతే కన్నడ సీమ. 1882లో అనంతపురం ప్రత్యేక జిల్లాగా ఏర్పడే వరకు ఇదంతా బళ్లారి జిల్లాలోని భాగమే. అందువల్ల ఇక్కడి భజనలో తెలుగు పాట పక్కన దాసర పదం వినిపించడం విశేషమేమీ కాదు. పండరి విఠలుని పేర వెలసిన పండరి భజన కన్నడ దేశం మీదుగా నడిచివచ్చిన సంప్రదాయం. చెక్కభజన, కోలాటం, పండరి భజన, ఉరుములు, గొరవయ్యల ఆట అన్నీ ఒకే జాతరలో కనిపించగల నేల ఇది. సంవత్సర వర్షపాతం దాదాపు 550 మిల్లీమీటర్లకు మించని నేల కూడా ఇదే. ఈ రెండు వాస్తవాలనూ జిల్లా వర్ణనల్లో వేర్వేరు అధ్యాయాల్లో రాయడం పరిపాటి. నృత్య విమర్శకు మాత్రం అవి ఒకే అధ్యాయం.

చెక్కభజన నేర్చుకునే పద్ధతిని గమనిస్తే ఇది తెలుస్తుంది. ఊరివారు ఒక భజన గురువును పిలిపించుకుంటారు. ఆయనకు బస, భోజనం, ఒప్పుకున్న సంభావన ఊరే భరిస్తుంది. పగటి పనులు ముగిశాక రామాలయం ముందర, లేదా భజన మందిరం ఎదుటి బయలులో శిక్షణ సాగుతుంది. మొదట చెక్క పట్టడం, ఆ తర్వాత అడుగు, దాని మీద పాట. ఒక్కో అడుగుకు ఒక్కో వరుస. వరుసలన్నీ వచ్చిన తర్వాత గజ్జెపూజ జరుగుతుంది. ఆనాడు చుట్టుపక్కల ఊళ్ల బృందాలు వస్తాయి, రాత్రంతా భజన నడుస్తుంది, గురువుకు బట్టలు పెట్టి సాగనంపుతారు. మామూలుగా మన వర్ణనలు ఇక్కడికి వచ్చి ఆగిపోతాయి. నిజానికి బృందం పుట్టేది గురువు వెళ్లిన మరునాడు. అప్పటి వరకు ఉన్నది ఒక తరగతి. గురువు తాళం లేకుండా తమలో ఒకరి పిలుపు మీద అడుగు మార్చుకోగలిగినప్పుడు, మరుసటి శ్రీరామనవమికి ఎవరి ప్రోద్బలమూ లేకుండా గజ్జెలు కట్టినప్పుడు అది బృందమవుతుంది. నేర్చినవాటిలో ఏ అడుగులు నిలిచాయి, ఏవి జారిపోయాయి, ఏ అడుగును ఎవరు తమ ఒంటికి తగినట్టు మార్చుకున్నారు అన్నవే ఆ బృందపు సృజన చరిత్ర. నగర రంగస్థలం మీద 'సమకాలీన నృత్యం' అని దేన్ని అంటున్నారో దాని ప్రధాన లక్షణం, అంటే సంక్రమించిన దేహభాషను నర్తకుడు తనదిగా మలచుకోవడం, ఈ దశలోనే జరుగుతుంది.

కరువు ఇక్కడే ప్రవేశిస్తుంది. వర్షాధారపు సేద్యంలో వేరుశనగ కాయ ఇల్లు చేరిన తర్వాత వేసవి చివరి వరకు పొలంలో పని తక్కువ. గురువును పిలిపించుకోవడానికి, రాత్రుళ్లు మేల్కొని నేర్చుకోవడానికి వీలయ్యేది ఆ నెలల్లోనే. పంట పోయిన ఏడు కుటుంబాలు బెంగుళూరు దారి పట్టేదీ ఆ నెలల్లోనే. ఆటకు అవకాశమిచ్చిన తీరిక, వలసకు తరిమిన ఖాళీ క్యాలెండరులో ఒకే చోట ఉన్నాయి. 'యువత ఆసక్తి తగ్గడం వల్ల జానపద కళలు అంతరిస్తున్నాయి' అన్న వాక్యం ఎన్నో వ్యాసాల ముగింపులో కనిపిస్తుంది. ఉరవకొండ చుట్టుపట్ల ఆ వాక్యం సగం అబద్ధం. ఆసక్తి ఉన్నవాడు ఆ రాత్రి ఊళ్లో ఉన్నాడా లేడా అని అడగకుండా ఆసక్తిని తూచడం న్యాయం కాదు.

వలస ప్రభావం అన్ని నృత్యాల మీదా ఒకేలా పడదు. దీనికి కారణం నృత్యాల నిర్మాణంలోనే ఉంది. కోలాటంలో దెబ్బ ఇద్దరిది. తన కోల ఎదుటివాడి కోలను తాకితేనే శబ్దం పుడుతుంది. జోడు మారుతూ, లోపలి వలయం నుంచి వెలుపలి వలయానికి దాటుతూ సాగే వరుసల్లో ఒక్క మనిషి లోపించినా మరొకరి కోల గాలిలో ఆగిపోతుంది. జడకోలాటంలో ఇది ఇంకా తీవ్రం. పైనుంచి వేలాడే తాళ్లను పట్టుకొని ఆడుతూ జడ అల్లడం, అదే క్రమంలో వెనక్కి ఆడుతూ విప్పడం అందులోని ప్రక్రియ. ఒక్కడు అడుగు తప్పితే ఆ తప్పు తాడులో ముడిగా అందరి కళ్లకూ కనబడుతుంది. చెక్కభజన అలా కాదు. ఇత్తడి బిళ్లలు అమర్చిన చెక్కల జత ఎవరి చేతిలో వారికి ఉంటుంది. శబ్దం తన అరచేతిలోనే పుడుతుంది. పక్కవాడు లేకపోతే వలయం కొంచెం కుదించుకుంటుంది, అంతే. పాతికమంది ఆడిన వరుసను పన్నెండుమంది ఆడవచ్చు. మనుషులు వస్తూ పోతూ ఉండే సమాజానికి చెక్కభజన సహజంగానే తట్టుకోగల రూపం; కోలాటం స్థిరమైన సభ్యత్వాన్ని కోరే రూపం. ఒక ఊళ్లో కోలాటం ఆగిపోయి చెక్కభజన నిలిస్తే దానికి అభిరుచి కంటే ఈ అంకగణితమే దగ్గరి కారణం కావచ్చు. కేవలం వేషాన్నీ పాటనూ వర్ణించే పద్ధతికి ఈ భేదం దొరకదు. సభ్యుణ్ణి లెక్కలోకి తీసుకున్నప్పుడే దొరుకుతుంది.

ఈ విశ్లేషణకు ఎదురు నిలిచే సాక్ష్యం ఒకటుంది, దాన్ని దాటవేయరాదు. అంత స్థిరమైన సభ్యత్వం కోరే కోలాటమే నేడు అన్నింటికంటే విస్తృతంగా కనిపిస్తున్నది. అయితే ఆడుతున్నవారు మారారు. ఒకనాడు పురుషుల ఆటగా ఉన్నచోట్ల కూడా ఇప్పుడు స్త్రీల బృందాలే ఎక్కువ. తిరుమల తిరుపతి దేవస్థానాల దాస సాహిత్య ప్రాజెక్టు భజన మండళ్లను కూడగట్టింది. బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు ఆడే అవకాశం పల్లె బృందాలకు ఒక గమ్యాన్ని ఇచ్చింది. మగవారు వలస పోయినా ఊళ్లో మిగిలేవారు, పొదుపు సంఘాల మూలంగా వారంవారం ఒకచోట కూర్చునే అలవాటు ఉన్నవారు స్త్రీలే కనుక, కోలాటం కోరే స్థిరత్వం వారి వద్ద లభించిందని భావించడం అసంగతం కాదు. ఈ మార్పును సంప్రదాయ క్షీణతగా చూసే విమర్శకులున్నారు. ఒకే రంగు చీరలు, ధ్వనివర్ధకం నుంచి వచ్చే ముద్రిత గీతం, ఊరేగింపు కోసం వలయం విడిపోయి వరుసలుగా మారడం వారి అభ్యంతరాలు. ముద్రిత గీతం విషయంలో వారి మాటలో నిజముంది. గురువు గొంతు పాటను ఆడేవారి ఊపిరిని బట్టి నిదానించగలదు, తొందరచేయగలదు. యంత్రానికి ఆ దయ లేదు. కానీ వలయం వరుసగా మారడాన్ని క్షీణత అనడం తొందరపాటు. వలయం తనలోకి తాను చూసుకునే ఆట. వరుస చూపరి వైపు, దేవుని వైపు నడిచే ఆట. ఊరి చౌకులో కూడా నలుగురి ఎదుట అడుగు వేయని స్త్రీ మాడవీధిలో వేలమంది ఎదుట వేయడం దేహానికి సంబంధించిన పెద్ద సంఘటన. నృత్యవిమర్శ ముందుగా గమనించవలసింది దాన్నే. చీర రంగు తర్వాతి సంగతి.

'గ్రామీణ సమాజంలో వేళ్లూనిన బృందం' అన్న విశేషణం కూడా పరీక్షకు నిలవదు. ఏ సమాజంలో, ఏ హక్కుతో అన్నది చెప్పకపోతే ఆ విశేషణానికి అర్థం లేదు. చెక్కభజనలో మనిషి నేర్చుకొని చేరుతాడు. రామాలయపు మెట్టు ఎక్కగల కులాల వారికే ఆ చేరిక చిరకాలం సుకరమైంది; తక్కినవారు వేరే గుడి, వేరే బృందం ఏర్పరచుకోవలసి వచ్చింది. తలపై ఎలుగుబంటి తోలు టోపీ, చేతిలో డమరుకం ధరించే గొరవయ్య మైలారుని భక్తుడు. అతడు దీక్షతో చేరుతాడు. ఉరుముల వాద్యకారుని విషయం వేరు. మేఘగర్జనను పోలిన నాదం వల్ల ఆ పేరు పొందిన ఉరుము అనంతపురం సీమకు ప్రత్యేకమైన వాద్యనృత్యం. మాలదాసరి కుటుంబాలకు అది వంశానుగతం, గ్రామదేవతల కొలువుతో ముడిపడినది. అక్కడ సభ్యుడు చేరడు, పుడతాడు. వాన కోసం చూసే నేల మీద ఉరుమును చేతిలో పట్టి ఆడేవాడు ఊరికి కావలసినవాడే. అయినా అతని నివాసం ఊరి అంచునే ఉండిపోయింది. మొదటివాడికి ఆట తీరికలో దొరికిన ఆనందం, మూడవవాడికి తప్పించుకోరాని విధి. ఈ రెండింటినీ 'గ్రామీణ కళాకారుడు' అనే ఒకే మాట కిందికి తెచ్చినప్పుడు శాస్త్రం ఒక అన్యాయానికి మర్యాదైన పేరు పెట్టినట్టవుతుంది.

పుట్టుకతో సంక్రమించే సభ్యత్వం ఎప్పుడూ నష్టమే కాదనడానికి కృష్ణా తీరపు కూచిపూడి ఉదాహరణ. అక్కడ వేదాంతం, వెంపటి, చింతా, భాగవతుల, పసుమర్తి మొదలైన ఇంటిపేర్లే మేళపు సభ్యత్వ పట్టిక. 1958లో ఢిల్లీలో జరిగిన నృత్య సదస్సు తర్వాత శాస్త్రీయత్వాన్ని గురించి లేచిన వివాదం, 1959లో హైదరాబాదులో జరిగిన కూచిపూడి సదస్సు, గ్రామంలో సిద్ధేంద్ర కళాక్షేత్రం, 1963లో మద్రాసులో వెంపటి చినసత్యం స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ – ఈ చరిత్ర అంతా చాలాకాలం రూపపు విజయగాథగానే చెప్పబడింది. హర్షిత మృత్యుంటి కామత్ 2019లో ప్రచురించిన గ్రంథం ఆ కథను సభ్యుల వైపు తిప్పింది. స్త్రీవేషం ధరించే బ్రాహ్మణ పురుషుని దేహాన్ని, అతని అధికారాన్ని, స్త్రీలు రంగస్థలాన్ని ఆక్రమించిన తర్వాత ఆ అధికారం అస్థిరపడిన తీరును ఆమె ఊరిలోనే ఉండి పరిశీలించారు. సత్యభామ పాత్రతో దేశఖ్యాతి పొందిన వేదాంతం సత్యనారాయణశర్మను ఒక మహానటునిగా మాత్రమే చూడటానికీ, స్త్రీవేషపు హక్కు కలిగిన ఒక సమాజ సభ్యునిగా చూడటానికీ మధ్య ఎంత దూరముందో ఆ గ్రంథం చదివినవారికి తెలుస్తుంది. దాని నిర్ణయాలన్నింటితో ఏకీభవించనక్కరలేదు. పద్ధతి మాత్రం అనుసరణీయం. భూమి, ఇంటిపేరు, శాస్త్రగౌరవం ఉన్న మేళానికి దక్కిన ఈ సూక్ష్మపరిశీలన, అవేవీ లేని ఉరుముల కుటుంబాలకు, భజన బృందాలకు తెలుగులో ఇంకా దక్కవలసి ఉంది.

బృందాన్ని ఒక వ్యక్తి పేరుగా కుదించే అలవాటు పరిశోధకులకే పరిమితం కాదు. గౌరవాలు కూడా అలాగే వస్తాయి. నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు 2020లో దళవాయి చలపతిరావు ద్వారా, చిందు యక్షగానానికి 2024లో గడ్డం సమ్మయ్య ద్వారా పద్మశ్రీ అందింది. ఇద్దరూ దానికి సర్వవిధాలా అర్హులు. కానీ తెర వెనుక బొమ్మకు గొంతునిచ్చే స్త్రీ, తాళం వేసే పిల్లవాడు, చిందు మేళంలో వేషం కట్టే కుటుంబమంతా లేకుండా ఆ కళలు లేవు. వ్యక్తికి ఇచ్చే గౌరవం మేళంలో ఎలా పంచుకోబడుతుందన్నది విమర్శకు తగని లౌకిక విషయమని అనిపించవచ్చు. మేళం అన్న మాటలోనే వాటా ఇమిడి ఉంది కనుక అది ముమ్మాటికీ తగిన విషయమే.

ప్రపంచ నృత్యరంగంలో పల్లెకూ బృందానికీ ఉన్న సంబంధం మరో తీరులో కనిపిస్తుంది. 1990లో ప్రోతిమా బేడీ బెంగుళూరు సమీపంలోని హెసరఘట్టలో నృత్యగ్రామాన్ని నెలకొల్పారు. అది నృత్యం కోసం కట్టిన గ్రామం. సెనెగల్ తీరంలోని తుబాబ్ దియాలవ్ అనే పల్లెలో జెర్మెయిన్ అకోన్యీ 1998లో స్థాపించిన ఇసుకబడి ఆఫ్రికా దేశాల నర్తకులకు నెలవైంది. పీనా బౌష్ కూర్చిన 'వసంతారాధన'ను అక్కడ పునఃప్రదర్శనకు సిద్ధం చేసిన నర్తకులు, 2020లో మహమ్మారి వల్ల యాత్ర ఆగిపోగా, సముద్రపుటొడ్డు ఇసుకపైనే దాన్ని ఆడారు. జర్మనీలో వేదికపై పరిచిన మట్టి మీద ఆడిన నృత్యం మరో నేల మీద మరో బరువును పొందింది. నేల మారితే అడుగు మారుతుందన్న ఈ ఎరుక చెక్కభజన విమర్శకు నేరుగా పనికివస్తుంది. మట్టి బయలులో పాదం కొట్టినప్పుడు లేచే శబ్దం మెత్తన, గజ్జె మోత పైకి తేలుతుంది. రామాలయాల ముందర సిమెంటు అరుగులు, బండలు వచ్చాక పాదఘట్టనమే వాద్యమైంది. మోకాలికి శ్రమ పెరిగింది. వయసు మీరినవారు వలయం నుంచి ముందుగా తప్పుకోవడానికి ఇదీ ఒక కారణమా అన్నది పరిశీలించదగినది.

తెలుగు శాఖల్లో పనిచేసేవారికి మరింత దగ్గరి సమస్య పాటకు సంబంధించినది. భజన పాటలను అచ్చులో చదివినప్పుడు పునరుక్తి ఎక్కువనిపిస్తుంది. పల్లవి తిరిగి తిరిగి వస్తుంది, సంబోధనలు పేరుకుంటాయి, పాదాలు కొన్నిచోట్ల హ్రస్వంగా, కొన్నిచోట్ల సాగదీసినట్టుగా ఉంటాయి. సేకర్తలు కొందరు ఆవృత్తులను తొలగించి, పాదాలను మాత్రాఛందస్సుకు సరిచేసి ప్రచురించారు. ఆ సంస్కరణ పాటను సాహిత్యానికి దగ్గర చేసి ఆటకు దూరం చేసింది. పల్లవి ఎన్నిసార్లు రావాలో నిర్ణయించేది భావం కాదు. వలయం ఒక చుట్టు పూర్తి కావడానికి పట్టే అడుగులు. సాగదీసిన అక్షరం కింద సాధారణంగా ఒక తిరుగుడో, ఒక వంగుడో ఉంటుంది. సంబోధన వచ్చినచోట అడుగు మారుతుందని ఆడేవారికి తెలుసు. అది వారికి సంకేతం. అంటే అచ్చులో దోషంగా కనిపించేది ఆటలో ఆజ్ఞ. ఇందులో గురువుల చేతిరాత నోటుపుస్తకాలు అచ్చు ప్రతుల కంటే విశ్వసనీయం. వాటిలో పాట పక్కన అడుగు పేరో, గుర్తో ఉంటే దాన్ని తీసివేయకుండా పరిష్కరించి ప్రచురించడం తాళపత్ర పరిష్కరణకు ఏమాత్రం తీసిపోని పాండిత్యకార్యం. మన విశ్వవిద్యాలయాలు ఇంకా దాన్ని అలా గుర్తించడం లేదు.

మిగిలినది మానుకునేవారి విషయం. ఉరుము పట్టడానికి నిరాకరించే కొత్తతరం మాలదాసరి యువకుణ్ణి చూసి పరిశోధకుడు విచారించడం పరిపాటి. ఆ విచారం ఎవరి తరఫున అన్నది అడగాలి. డప్పు చరిత్ర ఇందుకు తోడ్పడుతుంది. చావుకూ చాటింపుకూ విధిగా మోగించవలసిన డప్పు, 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమంతో ఆత్మగౌరవ చిహ్నమైంది. వాద్యం అదే, మోగించే షరతులను మోగించేవారే మార్చారు. ఆ మార్పుకు ముందు డప్పును కింద పెట్టిన చేతులు కూడా ఆ చరిత్రలో భాగమే. అలాగే ఉరుమును దించిన కుటుంబం, వలస నుంచి తిరిగివచ్చి చెక్క పట్టని రైతు, అత్తవారి ఊరికి వెళ్లి కోలాటం విడిచిన కోడలు బృందపు చరిత్రకు బయటివారు కారు. బృందాన్ని గురించి రాసే సిద్ధాంత వ్యాసంలో ప్రస్తుత సభ్యుల జాబితాతో పాటు విడిచినవారి జాబితా, విడిచిన సంవత్సరం, వారు స్వయంగా చెప్పిన కారణం ఉండాలి. వీరిలో ఆ అడుగులను తమ దేహంలో ఇంకా మోస్తున్నవారు ఎందరో, ఏ పెళ్లి ఊరేగింపులోనో చెక్కల శబ్దం వినపడినప్పుడు ఎవరి పాదం దానంతట అది కదులుతుందో క్షేత్రానికి వెళ్లినవారికే కనపడుతుంది.